శ్యామశాస్త్రి కోసం నరసింగరాయనిపేటకు

మైసూరును ఏలిన హైదరాలీ కన్నుమూసింది మన చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేటలో. కుంపిణీతో, అంటే ఈస్టిండియా కంపెనీతో, యుద్ధం నడుస్తుండగా, వీపు మీద లేచిన రాచపుండుతో, 1782 డిసెంబరు 7న దండు విడిదిలోనే పోయాడు. టిప్పు మలబారు నుంచి వచ్చేదాకా చావు కబురు పొక్కనివ్వలేదు. ఆ ఊరు చూడాలని నాకు పుట్టిన కోరికకు మాత్రం కారణం శ్యామశాస్త్రి, త్యాగయ్యతో పాటు కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన వాగ్గేయకారుడు.

"పాటలు కట్టినాయనకీ, ఈ ఊరికీ ఏం సమ్మందం సార్?" అని చిత్తూరులో ఎక్కిన ఆటో అబ్బాయి అడిగాడు. దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాను.

శ్యామశాస్త్రి వంశం వాళ్లు కంచిలో బంగారు కామాక్షికి అర్చకులు. యుద్ధాల భయంతో అమ్మవారిని తీసుకుని కంచి వదిలారు. జింజి, ఉడయార్పాళయం, ఇలా తలదాచుకుంటూ తిరువారూరు చేరారు. 1762లో ఆయన పుట్టింది అక్కడే. 1780లో హైదరు కర్ణాటకం మీద, అంటే ఆర్కాటు నవాబు ఏలిన తమిళ సీమ మీద, పడ్డాడు. సెప్టెంబరులో కంచి దగ్గరే, పొల్లిలూరులో, కుంపిణీ సేన చిత్తయింది. ఆ దండయాత్ర భయానికి వీళ్లు మళ్లీ కదిలి తంజావూరు చేరారు. అప్పటికి శ్యామశాస్త్రికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అమ్మవారు ఇప్పటికీ తంజావూరులోనే ఉంది.

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అవ్వోళ్ల పెద్దోళ్లు కూడా దండుకు భయపడి ఈడికొచ్చినోళ్లంట సార్. ఎవురి దండో మాకు తెల్దు" అన్నాడు. ఏ దండు అయినా రైతు చేనే తొక్కింది, హైదరుదైనా కుంపిణీదైనా. పేరు మరిచిపోయినా, పారిపోయి వచ్చామన్న మాట ఇన్ని తరాలు దాటి ఆ ఇంట్లో మిగిలింది.

ఊళ్లో చెరుకు తోటల మధ్య కాసేపు తిరిగి, ఒక చింతచెట్టు కింద కూర్చుని ఫోనులో శ్యామశాస్త్రి కామాక్షి మీద కట్టిన భైరవి రాగపు స్వరజతి (స్వరాలకు మాటలు కూర్చిన రచన) పెట్టుకున్నాను. మిశ్రచాపు తాళం, ఏడు అక్షరాలు. చరణాలు షడ్జంతో, అంటే 'స'తో, మొదలై ఒక్కో స్వరం పైకెక్కుతూ తారషడ్జం, అంటే పై 'స', దాకా వెళ్తాయి. ప్రతి మెట్టు మీదా నిలబడి అమ్మను మళ్లీ పిలవడమే. ఎన్నిసార్లు విన్నానో, భక్తి అనే అనుకునేవాణ్ణి. భక్తే, సందేహం లేదు. కానీ అమ్మవారిని మోసుకుని ఊళ్లు మారిన ఇంటి బిడ్డ "కాపాడు" అంటే ఆ మాట బరువు వేరు. సాహిత్యంలో యుద్ధం ఊసే లేదు. నాకు మాత్రం తాతల నాటి భయం ఆ భైరవి గమకంలో వినిపిస్తుంది. త్యాగయ్య రాముడితో పోట్లాడతాడు, ఎత్తిపొడుస్తాడు. శాస్త్రిగారు బిడ్డలా కొంగు పట్టుకుని వదలడు.

తిరుపతి మహతి ఆడిటోరియంలో ఎవరైనా ఈ స్వరజతి పాడేటప్పుడు, రాగం, తాళం పేర్లతో పాటు ఆ కుటుంబం నడిచిన దారి కూడా రెండు మాటల్లో చెప్పాలని నా కోరిక. సంగీత కళాశాల పిల్లలకైతే పాఠం మొదలుపెట్టే రోజే చెప్పాలి.