పూరీ పిండి నేర్పిన పిండాభివృద్ధి

నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరాక రాసిన మొదటి గ్రాండ్ టెస్టులో, పిండం గర్భాశయ గోడకు అంటుకునే దశ ఏది అంటే మారులా (చిన్న కణాల ముద్ద) అని పెట్టి వచ్చాను. రావాల్సిన 4 మార్కులు పోయాయి, పైగా ఇంకో మార్కు కోత. ఇంటర్ తెలుగు మీడియం కాబట్టి సంయుక్తబీజం (ఫలదీకరణ చెందిన అండం), విదళనం (అది కణాలుగా విడిపోతూ పోవడం), ప్రతిస్థాపన (పిండం గర్భాశయ గోడకు అంటుకోవడం) లాంటి మాటలన్నీ నోటికొచ్చు. ఒకదాని తర్వాత ఇంకోటి ఎందుకు వస్తుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

విదళనం జరిగేకొద్దీ పిండం ఉబ్బుతుందనుకునేవాణ్ణి. సెలవుకు ఇంటికెళ్తే అమ్మ పూరీ పిండి ముద్దను ఉండలు చేస్తోంది. ఒకటి రెండైంది, నాలుగైంది, ఎనిమిదైంది. ఉండలు చిన్నవవుతున్నాయి, పిండి మాత్రం అంతే. అదే విదళనం! పిండం చుట్టూ ఉండే జోనా పెల్లూసిడా పొర లోపల కణాల సంఖ్య పెరుగుతుంది కానీ మొత్తం సైజు దాదాపు మారదు. ఆ పొర ముందే ఊడిపోతే పిండం దారిలో ఫాలోపియన్ నాళానికే అతుక్కోవచ్చు. 8-16 కణాల మారులా ఇంకా ఆ పొరలోనే ఉంటుంది, మరి గోడకెలా అంటుకుంటుంది? లోపల ద్రవం నిండిన బంతిలాంటి బ్లాస్టోసిస్ట్‌గా మారి, పొర వదిలించుకున్నాకే ఆ పని. అది ఫలదీకరణ జరిగిన సుమారు వారానికి. అంటుకునేది దాని బయటి కణాల పొర ట్రోఫోబ్లాస్ట్, బిడ్డ తయారయ్యేది లోపలి కణ సముదాయం నుంచి. ఈ రెండింటినీ తారుమారు చేసి ఇచ్చే ఆప్షన్లతో జాగ్రత్త.

ఇది పట్టుబడ్డాక, టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో బయట తయారైన పిండాన్ని లోపల పెట్టే జిఫ్ట్ (ఫాలోపియన్ నాళంలోకి), ఐయూటీ (గర్భాశయంలోకి)ల గొడవ కూడా తీరింది. 8 బ్లాస్టోమియర్ల (విదళనంలో వచ్చే కణాల) వరకు నాళంలోకి, 8 దాటితే గర్భాశయంలోకి. సహజంగా ఆ వయసు పిండం ఎక్కడుంటుందో ఇంచుమించు అక్కడే పెడుతున్నారన్నమాట. అంతకుముందు ఈ అంకెను ఎన్నిసార్లు బట్టీ పట్టానో!

కడుపులో బిడ్డకు ఏ నెలలో ఏది వస్తుందో చెప్పే పట్టికకు మాత్రం బట్టీ తప్పదు. నెలకు గుండె, రెండో నెల చివరికి కాళ్లూ చేతులూ వేళ్లూ, 12 వారాలకు ప్రధాన అవయవ వ్యవస్థలు చాలావరకు. 24 వారాలకు కనురెప్పలు విడివడటం, ఒంటి మీద నూగు. ఐదో నెల ఒక్కటే నేను కష్టపడకుండా గుర్తుండిపోయింది. పాఠం రివిజన్‌లో ఉండగా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, బిడ్డ కదులుతోందిరా" అంది సంబరంగా.

"తల మీద జుట్టు కూడా వచ్చుంటుందక్కా" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ముందు తిన్నావా లేదా చెప్పు" అంది.