ఫ్లోరైడ్ మీద నా మొదటి సిస్టమాటిక్ రివ్యూ

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా నాయనమ్మ మెడ తిరిగేది కాదు, ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేది. కమ్యూనిటీ మెడిసిన్ పీజీలో మా సార్ సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద అచ్చయిన పరిశోధన పేపర్లన్నీ ముందే పెట్టుకున్న నియమాలతో వెతికి, ఏరి, సారం చెప్పడం) చేయమన్నప్పుడు నాకు ఇంకో అంశం తట్టలేదు: తాగే నీళ్లలో ఫ్లోరైడ్, దాని వల్ల పిల్లల పళ్ల మీద మచ్చలు పడే ఫ్లోరోసిస్.

ఏ పేపర్లు తీసుకోవాలి, ఏవి వద్దు అనేది ముందే రాసుకుని, ఇలాంటి రివ్యూల ప్రణాళికలు నమోదు చేసే ప్రోస్పెరో అనే వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేశాం. ఆ తర్వాత వెతుకులాట. వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో 'తెలంగాణ' అని కొడితే చాలా తక్కువ వచ్చాయి. 2014 జూన్‌కు ముందు అచ్చయిన వాటిలో మన జిల్లాలన్నీ ఆంధ్రప్రదేశ్ కిందే ఉన్నాయి మరి! పాతవాటిలో పళ్ల ఫ్లోరోసిస్‌కు 'మాటిల్డ్ ఎనామెల్' (మచ్చల ఎనామెల్) అనే మాట కూడా ఉంటుంది. అవన్నీ చేర్చి మళ్లీ వెతికితే, డూప్లికేట్లు పోగా వేయికి పైనే మిగిలాయి. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) శాస్త్రవేత్తలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన, ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగే జబ్బు పేపరూ వచ్చింది. పళ్ల గురించి కాదు కాబట్టి పక్కన పెట్టాం. పెట్టాం గానీ, ఆ రాత్రి రెండుసార్లు చదివాను.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన జూనియర్, నేను ఒకరి నిర్ణయం ఒకరికి కనపడకుండా చదివాం. గొడవ ఒక్క పేపర్ దగ్గరొచ్చింది. మా పక్క ఊరి బడి పిల్లల మీద చేసిన సర్వే అది. నేను ఉంచాను, తను తీసేసింది.

"అక్కా, ఇందుల నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతుందో రాయనే లేదు."

"ఆ నీళ్ల సంగతి నాకు తెల్వదా?"

"నీకు తెలుసక్కా. పేపర్ల లేదు గద."

సార్ మూడో మనిషిగా చూసి తీసేయమన్నారు. రెండు రోజులు మనసు మనసులో లేదు. తను చెప్పిందే న్యాయం. నాకు తెలిసిన ఊరికి ఒక నియమం, తెలియని ఊరికి ఇంకొకటి పెడితే ఆ రివ్యూను ఎవరు నమ్మాలి?

అసలు చిక్కు లెక్కల దగ్గర. పళ్ల ఫ్లోరోసిస్‌కు అమెరికా దంతవైద్యుడు డీన్ 1942లో ఇచ్చిన కొలతలో ఆరు మెట్లు. రెండోది 'అనుమానం': జబ్బు ఉందనలేం, లేదనలేం. కొందరు ఆ పిల్లలను జబ్బులో కలిపారు, కొందరు కలపలేదు. రెండింటినీ ఒకే శాతంగా కూడితే వచ్చే అంకెకు అర్థమే లేదు. ఆ పేపర్లు రాసినవాళ్లకు ఈమెయిళ్లు పెట్టి అడిగాం. ఒకరు అసలు ఎక్సెల్ షీటే పంపారు, ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను. మిగతావాళ్ల నుంచి జవాబు రాలేదు. అన్ని అధ్యయనాల ఫలితాలనూ ఒకే బొమ్మలో చూపే ఫారెస్ట్ ప్లాట్ గీయాలని ఎంత ఆశపడ్డానో! చివరికి మెటా అనాలిసిస్ (ఫలితాలన్నీ కలిపి ఒకే అంకె తీయడం) వదిలేసి, ఒక్కో అధ్యయనాన్ని విడిగానే వివరించాం.

ఇలాంటి రివ్యూలు ఎలా రాయాలో చెప్పే ప్రిస్మా 2020 మార్గదర్శకాల ప్రకారం, తీసుకుంటామేమో అనిపించి చివరికి తీసేసిన పేపర్లకు కూడా కారణం చూపించాలి. అనుబంధంలో ఆ పట్టిక నేనే టైప్ చేశాను. మొదటి వరుసలో మా పక్క ఊరి బడి, దాని ఎదురుగా: 'నీళ్లలో ఫ్లోరైడ్ కొలత ఇవ్వలేదు.'