కొండ వాలు స్థలంలో ఇంకుడు గుంత వద్దు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు కర్ణాటక కొండ ఊళ్లు సక్లేశ్‌పుర, మడికేరి దగ్గర ఎకరమో అరెకరమో కొని హోమ్‌స్టేలు కడుతున్నారు. ప్లాన్ మాత్రం బెంగళూరు సైటుకు గీయించినట్టే: నేల చదును చేసి, చుట్టూ గోడ కట్టి, మూలన ఇంకుడు గుంత. చదునైన నేలలో మూడూ మంచివే. వాలులో మూడూ ప్రమాదమే, అందులోనూ ముందు ఆ గుంత.

వాలు మీద మట్టిని నిలబెట్టేవి రేణువుల మధ్య రాపిడి, బంకమట్టికి ఉండే పట్టు. నీరు ఇంకి లోపల పీడనం పెరిగితే రేణువులు ఒకదాన్నొకటి ఒత్తుకోవడం తగ్గి, రాపిడి పడిపోతుంది. మట్టి బరువేమో పెరుగుతుంది. 2018 ఆగస్టులో మడికేరి ఉన్న కొడగు జిల్లాలో కొండచరియలు విరిగిపడడానికి ఎడతెగని వానకు రోడ్ల కోసం, ఇళ్ల కోసం కోసిన వాలులు తోడయ్యాయి.

ఇక లెక్క చూడండి. 1,500 చదరపు అడుగుల కప్పు మీద 100 మి.మీ. వాన పడితే దాదాపు 14,000 లీటర్లు. వాలంతా పరుచుకుని జారిపోవాల్సిన ఆ నీటిని గుంత ఒకేచోట లోపలికి దింపుతుంది. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకే సోక్ పిట్ ఇంకా మొండిది: 20 మంది అతిథులుంటే, మనిషికి 135 లీటర్ల చొప్పున రోజుకు 2,700 లీటర్లు, ఎండాకాలంలో కూడా. కప్పు నీటిని ట్యాంకులో పట్టి, పొర్లే నీటిని పైపులో కిందున్న వాగుదాకా తీసుకెళ్లండి. పైపు చివర పెద్ద రాళ్లు పేర్చకపోతే అక్కడే కోత మొదలవుతుంది. సోక్ పిట్ ఇంటికీ వాలు అంచుకూ దూరంగా, తక్కువ వాలున్న చోట పెట్టాలి.

జేసీబీ వాడు నిలువుగా కోస్తాడు, వాడికి అదే సులువు. వాలు పాదం తీసేస్తే పైనున్న మట్టికి ఆనిక పోతుంది. 2024 జులై 16న జాతీయ రహదారి 66 మీద ఉత్తర కన్నడ జిల్లా శిరూరులో కొండ విరిగిపడింది కూడా రోడ్డు వెడల్పు కోసం కొండ పాదం కోసిన చోటే. కోసిన మట్టిని కింది వైపు గడ్డి మీదే పారబోసి దాని మీద సగం ఇల్లు కట్టడం మరో అలవాటు. ఆ గడ్డి కుళ్లి జారుడు పొర అవుతుంది; కోసిన నేలా, పోసిన మట్టీ (పోత) కలిసే గీత వెంట గోడ చీలుతుంది. పోత తప్పనిసరైతే గడ్డి, పైమట్టి తీసేసి, నేలను మెట్లుగా కోసి, 8 అంగుళాల పొరలుగా దిమ్మిస కొట్టాలి. అంతకంటే గట్టి నేలదాకా దిగిన స్తంభాల మీద, వాలుకు తగ్గట్టు మెట్లుగా కట్టుకోవడం నయం.

వాలు మట్టిని ఆపే గోడ, అంటే రిటైనింగ్ వాల్, కూలేది చాలాసార్లు నీటి వల్లే. 10 అడుగుల గోడ మీద, మీటరు పొడవుకు, పొడి మట్టి తోపు సుమారు 3 టన్నులు. వెనక నీరు నిండితే 6 దాటుతుంది. ఆ నీరు పోవడానికి గోడలో 3 అంగుళాల పీవీసీ పైపులు 4, 5 అడుగులకొకటి, బయటికి వాలుగా పెట్టించండి. గోడ వెనక అడుగు మందం కంకర, దానికి నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. కంకర లేకుండా పైపు మాత్రమే పెడితే మొదటి వానాకాలానికే బురదతో మూసుకుపోతుంది. అందం కోసం రంధ్రాల మీద ప్లాస్టరింగ్ చేయించేవాళ్లూ ఉన్నారు!

చెట్లు కొట్టేసిన ఫలితం వెంటనే కనపడదు. వేళ్లు కుళ్లడానికి కొన్నేళ్లు పడుతుంది, ప్రమాదం అప్పుడే.

వానల్లో వాలు పైఅంచున వంపు తిరిగిన బీట కనిపిస్తే అటూ ఇటూ రెండు మేకులు పాతి రోజూ దూరం కొలవండి. బీటలో బంకమట్టి కూరి టార్పాలిన్ కప్పి, పైనుంచి వచ్చే నీటిని సిమెంటు కాలువతో పక్కకు మళ్లించండి. మేకుల దూరం పెరుగుతున్నా, తలుపులు బిగుసుకుంటున్నా, ఊట ఉన్నట్టుండి బురదగా మారినా, ఆగిపోయినా, మరమ్మతుల సంగతి పక్కనపెట్టి మనుషుల్ని ముందు ఖాళీ చేయించండి. మట్టి జారే దారిలో కిందికి కాకుండా, దానికి అడ్డంగా పక్కకు నడవాలి.