శివారు రైతు సంతకం

భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఎవర్నడిగినా యూరప్ అంటే ముందు తనిఖీల గురించే చెబుతారు. అంతకుముందు మన చెరువుల రొయ్య పది లోడ్లు వెళ్తే ఒకదాన్ని పరీక్షకు ఆపేవారు. 2016 నుంచి ఐదు ఆపుతున్నారు. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే స్పెయిన్ రేవైనా బెల్జియం రేవైనా ఒకటే రూలు. ఈ విషయంలో యూరోపియన్ యూనియన్ 27 దేశాలదీ ఒకటే మాట.

విదేశాంగ విధానం దగ్గర ఆ మాట కలవదు. యూనియన్‌ను ఏర్పరచి 1993లో అమల్లోకొచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందంలో ఉమ్మడి విధానం అని రాసుకున్నారు. పదేళ్లకు ఇరాక్ యుద్ధమొస్తే బ్రిటన్, స్పెయిన్ అమెరికా వెంట నిలిచాయి, ఫ్రాన్స్, జర్మనీ వద్దన్నాయి. ఇలాంటి వాటిలో దాదాపు ప్రతి పెద్ద నిర్ణయానికీ అందరూ ఒప్పుకోవాలి. ఆ రూలు తీసేస్తే బాగుపడతారని నేనూ చాలాకాలం అనుకున్నాను.

నాన్న నీటి సంఘంలో ఉన్నప్పుడు ఒక దాళ్వాకు వంతులవారీ నీళ్లన్నారు. కాలవగట్టు మీద కూర్చుని తీర్మానం రాశారు. శివారులో ఎకరంన్నర ఉన్న ఒకాయన మాత్రం సంతకం పెట్టలేదు. "అందరి వంతులూ అయ్యేసరికి నా తూముకి తడే మిగులుద్దండి, నీళ్లు కాదు" అన్నాడు. పైవాళ్లు కేకలేశారు. ఆ రాత్రి నాన్న టార్చిలైటు పట్టుకుని ఆయనతో చివరి తూము దాకా నడిచారు, వెనకాల నేను. తూము నోట్లో గుర్రపుడెక్క ఎండి అట్టకట్టింది. కింద బురద నెర్రెలిచ్చింది. మర్నాడు తీర్మానం మార్చి మొదటి వంతు శివారుకిచ్చారు.

2020లో సైప్రస్ చేసిందీ అదే. ఆగస్టు 9 ఎన్నికల తర్వాత బెలారుస్‌లో జనాన్ని కొడుతుంటే ఆంక్షలకు సైప్రస్ ఒప్పుకోలేదు. తమ సముద్రంలో టర్కీ గ్యాస్ కోసం తవ్వుతుంటే ముందు దాని సంగతి తేల్చమంది. చిన్న దేశం, న్యాయమైన బాధ. కానీ వీళ్లు తేల్చుకుని 40 మందిపై ఆంక్షలు పెట్టేసరికి అక్టోబరు 2 వచ్చింది. యూనియన్‌లోంచి బయటికెళ్లిన బ్రిటన్ మూడ్రోజుల ముందే పెట్టేసింది. బెలారుస్ రాజధాని మిన్స్క్ వీధుల్లో ఉన్నవాళ్లకు ఆ రోజులు ఎంత పొడవో!

హంగరీని మాత్రం ఆ లెక్కలో వెయ్యలేను. 2023 డిసెంబరులో యూనియన్‌లో యుక్రెయిన్ చేరిక చర్చల నిర్ణయానికి అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్ గది బయటికి వెళ్తే మిగతా 26 మంది తేల్చారు. తర్వాత యుక్రెయిన్‌కివ్వాల్సిన 50 బిలియన్ యూరోలకు ఆయనే అడ్డం పడ్డాడు. అది ఫిబ్రవరి 1 దాకా తెగలేదు. ఎండిన తూము చూపించి ఆపడం వేరు, బేరం కోసం ఆపడం వేరు.

అందుకే సైన్యం సంగతుల్లో అందరి సంతకం ఉండాలి, ఆంక్షలకు మెజారిటీ చాలాలి అనిపిస్తోంది నాకు. యూనియన్ ఇప్పుడు నడుస్తున్న లిస్బన్ ఒప్పందంలో అందుకు వీలుంది. అయితే ఆ వీలు వాడుకోవాలన్నా ముందు 27 మందీ ఒప్పుకోవాలి.