పర్లాకిమిడి పెరట్లో వంగ అంట్లు: ఇప్పటిదాకా సంగతులు

వంగని ఉస్తి వేరు మీద అంటు కడదామని మొదలెట్టాను గానీ, ఉస్తి (వంగ జాతిదే, ముళ్లుండే అడవి మొక్క) విత్తనం మొలిపించడం ఇంత తంటా అని ముందు అనుకోలేదు. వంగ వారం పది రోజుల్లో మొలకెత్తితే ఇది రెండు మూడు వారాలైనా కదలదు, వచ్చినా అన్నీ ఒకేసారి రావు, ట్రేలో ఒక గడిలో ఇవాళ, పక్క గడిలో ఎప్పుడో. అందుకే వంగ కన్నా మూడు నాలుగు వారాలు ముందే పోశాను. జిబ్బరెల్లిక్ ఆమ్లం (మొలకని ప్రేరేపించే మొక్కల హార్మోను) కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టిన విత్తనం మాత్రం కాస్త కలిసికట్టుగా మొలిచింది.

ఎందుకింత శ్రమ అంటే, మహేంద్రతనయ నది పక్క పొలాల్లో వంగ మొక్క పచ్చగా ఉండగానే నిలువునా వాడిపోతోంది. మొన్న పాతపట్నం నుంచి మా బావ అలాంటిదొకటి పీక్కొచ్చాడు. కాండం కోసి గాజు గ్లాసు నీళ్లలో వేలాడదీస్తే కాసేపట్లోనే కోసిన చోటి నుంచి పాలలాంటి సన్నటి ధార కిందికి జారింది. బాక్టీరియా ఎండు తెగులే, అనుమానం లేదు. అది మట్టిలో ఉండే రోగం, పైన మందు కొడితే డబ్బు దండగ. ఉస్తి వేరు దాన్ని తట్టుకుంటుంది, అందుకే ఈ అంట్లు.

అంటు కట్టడానికి రెండు కాండాలూ ఒకే లావుండాలి, సుమారు 2 మిల్లీమీటర్లు. ఉస్తి తల కోసి మధ్యలో చీలిక పెట్టి, వంగ కొసని రెండు వైపులా చెక్కి దింపి, సిలికాన్ క్లిప్ పెట్టడమే. బ్లేడు మాటిమాటికీ స్పిరిట్‌తో తుడవాలి, వంగ పెద్దాకులు సగం కత్తిరించాలి. చెయ్యి తిరిగితే ఇదంతా తేలికే.

అసలు టెన్షన్ ఆ తర్వాతి వారం. పాలిథిన్ గుడారంలో, నీడలో, గాలిలో తేమ 90 శాతం దగ్గర, వేడి 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి, మన ఎండలకి అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. నేను తడి గోనెసంచులు కట్టి నెట్టుకొస్తున్నాను. నీళ్లు ఆకుల మీద పొయ్యను, అతుకులోకి దిగితే కుళ్లుతుంది. నాలుగైదు రోజులయ్యాక రోజూ కాసేపు గుడారం అంచు ఎత్తి గాలి అలవాటు చెయ్యాలి.

మొదటి ట్రేలు బావకే. నాటేటప్పుడు అతుకు మట్టికి పైనే ఉంచమని మరీ మరీ చెప్పాను, పూడితే వంగ సొంత వేళ్లు దింపి మళ్లీ అదే రోగం తగిలించుకుంటుంది. అతుకు కింద ముళ్ల చిగుళ్లొస్తే ఉస్తివే, గిల్లెయ్యాలి.