మొదటి పేపరు దిద్దే రోజు

మంగళవారం. డ్రాఫ్టులు చూసే రోజు. ఇవాళ బల్ల మీదున్నది ఒక రీసెర్చ్ స్కాలర్ రాసిన మొట్టమొదటి పేపరు. ఇలాంటివి చేతికి రాగానే ఎర్రపెన్ను నేరుగా ఇంగ్లీషు మీదికి పోతుంది. దాన్ని అక్కడే ఆపాలి. ఎంత దిద్దినా, రేపు వాదన మారితే ఆ పేరాలే ఉండవు. పైగా పేజీ నిండా ఎరుపు కనబడితే తప్పు ఫలితాల్లో ఉందో, భాషలో ఉందో విద్యార్థికి తెలియదు. మొదటి విడతలో బొమ్మలు, పట్టికలు, వాటి కింది వివరణలు చూస్తే చాలు. అవి వరసగా పేర్చినప్పుడు చెప్పదలచుకున్నది నిలబడుతుందా? రెండో విడతలో మెథడ్స్, ఫలితాలు. భాష ఆఖరున. ఏ విడతైనా వారంలోపు తిరిగి చేరాలి. నెలలు పడితే రాసే ఊపు పోతుంది, మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం.

మెథడ్స్‌లో ఒక వాక్యం: "నమూనాలను 10,000 ఆర్‌పీఎం దగ్గర సెంట్రిఫ్యూజ్ చేశాం." అంటే యంత్రంలో వేగంగా తిప్పి బరువైన భాగాన్ని ట్యూబు అడుగుకు చేర్చారు. ఎన్ని నిమిషాలో, ఎంత ఉష్ణోగ్రతో లేదు. అంతకన్నా పెద్ద లోటు, ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) ఒక్కటే రాయడం. నమూనా మీద పడే బలం రోటర్, అంటే ట్యూబులను పట్టుకుని తిరిగే భాగం, ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. రోటర్ వ్యాసార్థం 8 సెంటీమీటర్లయితే ఆ వేగానికి సుమారు 8,900 జీ (భూమి గురుత్వాకర్షణకు అన్ని రెట్లు) బలం వస్తుంది, 6 సెంటీమీటర్లయితే 6,700 మాత్రమే. నిధులు తక్కువున్న చోట ఇది చిన్న విషయం కాదు. ఉన్న ఒక్క యంత్రం పాడైతే నమూనాలు పట్టుకుని పక్క డిపార్ట్‌మెంటుకు వెళతారు. అక్కడి రోటర్ వేరు, రాసుకున్న ఆర్‌పీఎం మాత్రం అదే. సగం నమూనాలు ఒక బలానికి, సగం ఇంకో బలానికి తిరుగుతాయి, తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అంతుబట్టదు. విరాళంగా వచ్చిన యంత్రాలకు మాన్యువల్ ఉండదు కాబట్టి, ఇరుసు మధ్య నుంచి ట్యూబు అడుగు దాకా స్కేలుతో కొలవాలి. ఆ సెంటీమీటర్లను ఆర్‌పీఎం వర్గంతో, తర్వాత 0.00001118తో గుణిస్తే జీ వస్తుంది. ఆ అంకె యంత్రం మూత మీద అంటించి పెట్టాలి.

ప్రచురణ ఫీజు సంగతి డ్రాఫ్టు దశలోనే తేల్చుకోవాలి. రీసెర్చ్4లైఫ్ అనేది తక్కువ ఆదాయ దేశాలకు జర్నళ్లు అందుబాటులోకి తెచ్చే కార్యక్రమం. దాని జాబితాలో గ్రూప్ ఎ దేశాలవారికి చాలా ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లు ఫీజు పూర్తిగా మాఫీ చేస్తాయి, గ్రూప్ బి వారికి సాధారణంగా సగం తగ్గిస్తాయి. అడగాల్సింది పేపరు పంపేటప్పుడే. అంగీకరించాక అడిగితే కుదరదనే జర్నళ్లే ఎక్కువ. కొన్ని సంస్థలు రచయితలందరూ ఆ దేశాలవారై ఉండాలంటాయి. ధనిక దేశం నుంచి ఒక సహరచయిత చేరితే మాఫీ పోవచ్చు, అప్పుడు ఫీజు ఎవరు కడతారో ముందే మాట్లాడుకోవాలి.

సాయంత్రం శాండ్‌విచ్ ఫెలోషిప్ కాగితాలు. ఇటలీలోని ట్రియెస్తేలో ఐసీటీపీ (అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం) నడిపే స్టెప్ కార్యక్రమం ఈ తరహాదే: రిజిస్ట్రేషన్ సొంత యూనివర్సిటీలోనే ఉంటుంది, విద్యార్థి మధ్యమధ్యలో కొన్ని నెలలు బయటి ల్యాబ్‌లో పనిచేసి వస్తాడు. మాకు ఎంతో నచ్చే పద్ధతి, తిరిగొచ్చాక పని ఆగిపోకుండా చూసుకోగలిగితే. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ లేని పరికరం మీద. అందుకే వెళ్లేముందే సొంత ల్యాబ్‌లో ఏమున్నాయో, కరెంటు ఎంతసేపు ఉంటుందో, రసాయనాలు కస్టమ్స్ దాటి రావడానికి ఎన్ని వారాలు పడుతుందో ఒక పేజీలో రాసి ఆతిథ్య గైడుకు పంపాలి. అక్కడి చివరి రెండు వారాలు ఆ పేజీలో ఉన్నవాటితోనే ప్రయోగం చేసి చూడాలి.

అక్కడి పని పేపరైతే మొదటి రచయిత ఎవరో కూడా ఆతిథ్య గైడుకు పంపే ఆ ఉత్తరంలోనే ఖాయం చేసుకోవాలి. ముడి డేటా నకలు ఒకటి విద్యార్థి హార్డ్ డిస్కులో, ఇంకొకటి సొంత డిపార్ట్‌మెంటులో ఉండాలి. గడువు అయిపోయాక ఆతిథ్య సంస్థ ఇచ్చిన లాగిన్ పనిచేయదు, అప్పటిదాకా దించుకోని ఫైళ్లు అక్కడే ఉండిపోతాయి.