నాలుగు భాషల వ్యాకరణం ఒకే నోటుబుక్కులో: నా అనుభవం

తెలుగు పీరియడ్‌లో భాషాభాగాలు అయిదని చెప్తారు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. తరవాతి పీరియడ్‌లో ఇంగ్లీషు మాస్టారు ఎనిమిదంటారు. హిందీ ప్రచార సభ పరీక్షలకి కూర్చుంటే అక్కడా ఎనిమిదే, కాకపోతే రూపం మారేవి నాలుగు, మారనివి నాలుగు అని విడగొడతారు. సంస్కృతంలోకి వెళ్తే నిరుక్తం రాసిన యాస్కుడు నామం, ఆఖ్యాతం (క్రియ), ఉపసర్గ, నిపాతం (చ, వా లాంటి చిన్న మాట) అని నాలుగు చెప్తాడు. పాణిని దగ్గరికి వస్తే పదమంటే సుబంతమో (విభక్తి ప్రత్యయం చేరినది) తిఙంతమో (క్రియా ప్రత్యయం చేరినది), రెండే. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకి అరబ్బీ పద్ధతిలో ఇస్మ్ (నామం), ఫేల్ (క్రియ), హర్ఫ్ (ఈ రెండూ కాని చిన్న మాట) అని మూడు. విజయవాడలో ఒక్క అపార్టుమెంటులోనే ఈ లెక్కలన్నీ చదివేవాళ్ళు దొరుకుతారు. వీటిలో ఏది సరైందంటే, ఏ లెక్క ఏ భాషకి పెట్టుకున్నారో ఆ భాషలో పదాలు మారే తీరుకి అది సరిపోతుంది. ఒకదాని లెక్క ఇంకోదాని మీద పెట్టినప్పుడే చిక్కంతా.

నేను తెలుగు, హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు వ్యాకరణాలు విడివిడిగా కాకుండా పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఇప్పుడు గుంటూరులో సాయంత్రాలు అదే పద్ధతిలో చెప్తున్నాను. ‘పనిని తెలిపేది క్రియ’ లాంటి నిర్వచనం వల్లె వేయించడం నా దగ్గర ఉండదు. ‘పరుగు’ పనే కదా, అది నామవాచకం ఎట్లా అయిందని పిల్లవాడు అడిగితే ఆ నిర్వచనం అక్కడే ఆగిపోతుంది. వాక్యం తీసుకుని, అందులో ప్రతి పదానికీ పరీక్ష పెట్టడమే నిలిచే పద్ధతి.

కావలసిన సరంజామా తక్కువే. రెండువందల పేజీల లాంగ్ నోటుబుక్కు, స్కేలు, రెండు రంగుల పెన్నులు. తెరిచిన రెండు పేజీలని కలిపి నాలుగు నిలువు గళ్ళు గీసుకోవాలి: తెలుగు, హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు, ఈ వరసలోనే. మొదటి మూడింటిలోనూ క్రియ మామూలుగా చివర్న వస్తుంది, ఇంగ్లీషులో మధ్యకి వస్తుంది. అందుకే దాన్ని కుడి చివర పెడతాను. సంస్కృతానికి ఒక శబ్దమంజరి, అంటే శబ్దాల విభక్తి రూపాల పుస్తకం, ఉండాలి. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో వెతికితే దొరుకుతుంది. అచ్చు చిన్నగా ఉన్నది కొనొద్దు, విసర్గ, సున్న కలిసిపోయి కనిపిస్తాయి.

మొదటి పేజీలో ఒకే వాక్యం రాయిస్తాను: ‘నిన్న గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి మా అక్కకి రెండు పుస్తకాలు ఇచ్చింది.’ హిందీలో ‘జో లడ్‌కీ కల్ గుంటూరు సే ఆయీ, ఉస్‌నే మేరీ దీదీ కో దో కితాబేఁ దీఁ.’ సంస్కృతంలో ‘యా బాలికా హ్యః గుంటూరునగరాత్ ఆగచ్ఛత్, సా మమ అగ్రజాయై ద్వే పుస్తకే అయచ్ఛత్.’ ఇంగ్లీషులో ‘ద గర్ల్ హూ కేమ్ ఫ్రమ్ గుంటూర్ యస్టర్‌డే గేవ్ మై ఎల్డర్ సిస్టర్ టూ బుక్స్.’

ఇక చివరి క్రియ ఎవరి మాట వింటోందో చూడాలి. తెలుగు ‘ఇచ్చింది’ అమ్మాయిని బట్టి వచ్చింది. హిందీ ‘దీఁ’ అమ్మాయిని పట్టించుకోలేదు, ‘కితాబేఁ’ స్త్రీలింగ బహువచనం కాబట్టి అలా అయింది. సంస్కృత ‘అయచ్ఛత్’ ఏకవచనమని, ప్రథమ పురుష అని చెప్తుందే కానీ ఇచ్చింది ఆడో మగో చెప్పదు. తిఙంతానికి లింగం లేదు. అదే కృదంతం (ధాతువు నుంచి పుట్టి, నామవాచకంలా లింగం తీసుకునే రూపం) వాడి ‘దత్తవతీ’ అంటే ఆడపిల్ల, ‘దత్తవాన్’ అంటే మగపిల్లాడు. ఇంగ్లీషు ‘గేవ్’ ఎవరిచ్చినా అదే. ఈ ఒక్క వాక్యంలోనే నాలుగు భాషల క్రియ స్వభావం బయటపడుతుంది.

మనవాళ్ళు హిందీలో ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ‘ఉస్‌నే’లో లాగా కర్త వెనక చేరే ఈ ‘నే’ దగ్గరే. తెలుగు క్రియ ఎప్పుడూ కర్త వెంట పోతుంది, ఆ అలవాటుతో ‘రాము నే రోటీ ఖాయా’ అని రాస్తారు. రొట్టె స్త్రీలింగం కాబట్టి ‘ఖాయీ’ అనాలి. సకర్మక క్రియ, పూర్తయిన భూతకాలం, ఈ రెండూ ఉంటేనే ‘నే’ వస్తుంది. ‘ఖా రహా థా’, ‘ఖాతా థా’ అన్నప్పుడు రాదు. కర్మకి ‘కో’ తగిలితే క్రియ ఎవరి వైపూ పోకుండా పుంలింగ ఏకవచనంలో నిలబడుతుంది: ‘సీతా నే లడ్‌కియోఁ కో దేఖా.’ లానా, బోల్‌నా, భూల్‌నా ఈ మూడింటికీ కర్మ ఉన్నా ‘నే’ రాదు. ఛీంక్‌నా, ఖాఁస్‌నా అకర్మకాలైనా ‘నే’ తీసుకుంటాయి. వీటిని ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోవాల్సిందే, ఊహించి రాబట్టే దారి లేదు.

పురుష పేర్లు రెండో చిక్కు. తెలుగు, సంస్కృతాల్లో ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, అది. నేను, మేము ఉత్తమ పురుష. ఇంగ్లీషు ఫస్ట్ పర్సన్ అంటే నేను. ‘ప్రథమ’ని ‘ఫస్ట్’ అనుకుని ధాతురూపాల పట్టిక తలకిందులుగా రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. హిందీలో వాడు, ఆమె, అది ‘అన్య పురుష్’. అంకెలు వేయకుండా పట్టిక పక్కన ‘వాడు, నువ్వు, నేను’ అని రాయించాక ఆ తప్పు ఆగింది.

ఇప్పుడు పరీక్షల సంగతి. తెలుగు పదానికి మొదటి పరీక్ష ‘కి’. పదానికి ‘కి’ తగిలితే దానికి నామవాచక లక్షణం ఉన్నట్టు: బల్లకి, ఊరికి. రెండోది, వాడు, ఆమె, నేను మారితే పదం చివర మారుతుందా? మారితే క్రియ: వచ్చాడు, వచ్చింది, వచ్చాను. మూడోది, నామవాచకం ముందు నిలబడి, లింగ వచనాలు మారినా మారకుండా ఉంటే విశేషణం: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు. అదే విశేషణం వాక్యం చివరికి వెళ్తే ఊరుకోదు: వాడు మంచివాడు, ఆమె మంచిది, వాళ్ళు మంచివాళ్ళు. హిందీలో ముందున్నా మారుతుంది, అచ్ఛా లడ్‌కా, అచ్ఛీ లడ్‌కీ, అచ్ఛే లడ్‌కే. అయితే లాల్, సుందర్ లాంటివి మారవు. సంస్కృతంలో లింగం, వచనం, విభక్తి మూడూ అది వర్ణించే నామవాచకంతో కలవాలి: మధురం ఫలమ్, మధురాణి ఫలాని, మధురేషు ఫలేషు. ఇంగ్లీషులో ఎక్కడున్నా మారదు.

అవ్యయం దగ్గర ‘కి’ పరీక్ష బాగా పనికొస్తుంది. లింగ వచన విభక్తులు లేనిది అవ్యయమని చెప్పి, ఉదాహరణగా ‘అక్కడ’ చూపిస్తారు. కానీ మనం ‘అక్కడికి’, ‘అక్కడి నుంచి’ అంటాం. ‘మీద’ మీదికి అవుతుంది, ‘దగ్గర’ దగ్గరికి అవుతుంది, ‘నిన్న’ నిన్నటికి అవుతుంది. ఆ నిర్వచనం సంస్కృతానికి చక్కగా సరిపోతుంది. అక్కడ ‘తత్ర’ ఉంది, ‘అక్కడి నుంచి’ అనాలంటే ‘తతః’ అని వేరే అవ్యయమే ఉంది, తత్రకి విభక్తి తగలదు. తెలుగులో ఇవి విభక్తి తీసుకునే స్థలకాల వాచకాలు. పరీక్షలో అవ్యయమనే రాయండి, మార్కులు దానికే వస్తాయి. నోటుబుక్కులో మాత్రం పక్కన ‘కి తగులుతుంది’ అని గుర్తు పెట్టుకోండి, హిందీ ‘వహాఁ సే’, ‘కల్ సే’ అప్పుడు సులువుగా వస్తాయి.

‘గా’ ఉంటే క్రియావిశేషణం అని కూడా అనుకోకూడదు. ‘మెల్లగా నడిచాడు’లో అవును. ‘నాకు ఆకలిగా ఉంది’లో కాదు. ఈ వాక్యానికి నాలుగు గళ్ళూ నింపితే ‘ముఝే భూఖ్ లగీ హై’, ‘అహం బుభుక్షితః అస్మి’, ‘ఐ యామ్ హంగ్రీ’. తెలుగులో, హిందీలో ఆకలి నామవాచకం, మనిషికి కు/కో విభక్తి. సంస్కృతంలో, ఇంగ్లీషులో అది విశేషణం, మనిషి కర్త. చెప్పేది ఆడమనిషైతే సంస్కృతంలో ‘బుభుక్షితా’ అవ్వాలి.

విభక్తుల పట్టిక బడిలో నేర్పినదానితో మొదలుపెట్టినా, వాడుక మాట పక్కన రాసుకోవాలి. కొరకు, కై పక్కన ‘కోసం’. వలన, కంటె, పట్టి పక్కన ‘నుంచి, కన్నా, బట్టి’. మనం రోజూ అనేవి అవే. తరవాత కారకాలు. సంస్కృతంలో కారకాలు ఆరు: కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం. షష్ఠి సంబంధాన్ని చెప్తుంది, అది కారకం కాదు. హిందీ పుస్తకాలు సంబంధాన్నీ సంబోధననీ కలిపి ఎనిమిదంటాయి. ఏ పేపర్లో రాస్తున్నారో చూసుకుని ఆ లెక్క రాయాలి. విభక్తి రూపమనీ, కారకం వాక్యంలో పాత్ర అనీ విడదీసుకుంటే కర్మణి ప్రయోగం భయపెట్టదు: ‘రామేణ ఫలం ఖాద్యతే’లో తినేది రాముడే, అతను కర్తే, విభక్తి మాత్రం తృతీయ.

రామ శబ్దం బట్టీ పట్టేటప్పుడు ఏడు విభక్తులు, మూడు వచనాలు, 21 గళ్ళు చూసి పిల్లలు బెదురుతారు. లెక్కపెడితే వేరు వేరు రూపాలు 16 మాత్రమే. ‘రామాభ్యామ్’ మూడు గళ్ళలో, ‘రామౌ’, ‘రామేభ్యః’, ‘రామయోః’ రెండేసి గళ్ళలో వస్తాయి. ముందు ఒకేలా ఉన్నవాటికి ఒకే రంగు వేసి, తరవాత చదివిస్తే పని తగ్గుతుంది.

హిందీలో ‘లడ్‌కా’ ‘లడ్‌కే కో’ ఎందుకయిందో చెప్పడానికి తెలుగే చాలు. ఇల్లు విభక్తి ముందు ‘ఇంటి’ అవుతుంది, ఊరు ‘ఊరి’, కన్ను ‘కంటి’, చెయ్యి ‘చేతి’. ‘ఇల్లుకి’ అని ఎవరూ అనరు. దీన్నే మన వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. కమ్‌రా ‘కమ్‌రే మేఁ’ కావడం కూడా అటువంటిదే. ఇది తెలిసిన పిల్లలకి ఆ నియమం ఒక్క పూటలో వస్తుంది.

లింగం విషయంలో తెలుగు అలవాటు ఏ భాషకీ పనికిరాదు. ఏకవచనంలో ఆమె, ఆవు ఇద్దరికీ ‘వచ్చింది’, బహువచనంలో మనుషులకి ‘వచ్చారు’, ఆవులకి ‘వచ్చాయి’. సంస్కృతం నుంచి హిందీకి లింగాన్ని మోసుకెళ్ళినా దెబ్బే. ఆత్మ, మహిమ, విజయం సంస్కృతంలో పుంలింగాలు, హిందీలో స్త్రీలింగాలు. పుస్తకం సంస్కృతంలో నపుంసకం, హిందీలో స్త్రీలింగం. ‘దేవతా’ సంస్కృతంలో స్త్రీలింగం, హిందీలో పుంలింగం. హిందీ నామవాచకం రాసినప్పుడల్లా ముందు ‘మేరా’ లేదా ‘మేరీ’ చేర్చి రాయడం ఒక్కటే మందు.

నోటుబుక్కు వెనక వైపు పేజీలు క్రియలకి కేటాయించాలి. నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే. క్రియతో పాటు అది కోరే విభక్తి కూడా రాయాలి. తెలుగులో ‘అతన్ని అడిగాను’, హిందీలో ‘ఉస్‌సే పూఛా’. ‘ఆయన్ని కలిశాను’, ‘ఉన్‌సే మిలా’. ‘కొడుకు మీద కోప్పడతాడు’ సంస్కృతంలో చతుర్థి, ‘పుత్రాయ క్రుధ్యతి’. ‘పాముకి భయపడతాడు’ అక్కడ పంచమి, ‘సర్పాత్ బిభేతి’. హిందీలోనూ ‘సాఁప్ సే’, ఇంగ్లీషులో ‘ఆఫ్’. హిందీలో ‘బతానా’కి కో, ‘కహ్‌నా’కి సే, తెలుగులో రెండూ ‘చెప్పడమే’. ‘ని’ కి ఇది, ‘కి’ కి అది అని విభక్తిని ఒంటరిగా అనువదించుకుంటే ఇవన్నీ తప్పుతాయి.

నెగెటివ్ వాక్యాలకి ఒక పేజీ చాలు. ‘ఆయన డాక్టరు కాదు’, ‘ఆయన ఇంట్లో లేడు’ హిందీలో రెండూ ‘నహీఁ హై’, ఇంగ్లీషులో రెండూ ‘ఈజ్ నాట్’. ‘రాడు’, ‘రాలేదు’ అన్నప్పుడు కాదనడం క్రియలోనే ఉంది, విడదీసి భాషాభాగం పేరు పెట్టలేం.

పునశ్చరణ చేసేటప్పుడు కుడివైపు మూడు గళ్ళూ అట్టముక్కతో మూసి తెలుగు నుంచి మిగతావి చెప్పాలి. మర్నాడు తెలుగు గడి మూసి వెనక్కి రావాలి. వెనక్కి వచ్చేటప్పుడు ‘హమ్’, ‘వయమ్’, ‘వుయ్’ ఎదురైతే ‘మనం’ అనాలో ‘మేం’ అనాలో ఆ వాక్యం చెప్పదు. అందుకని అలాంటి వాక్యం రాసిన రోజే, వింటున్నవాళ్ళు అందులో ఉన్నారా లేరా అన్నది మార్జిన్‌లో రాసిపెట్టుకోవాలి.